చెంప గీత

మ్యూజియం, మూడో అంతస్తు, మరమ్మతు గది
జనవరి 11

మావయ్యకి,

ఈ కవరు చూసి అత్తయ్య ముందు కంగారు పడుతుంది. నేను బాగానే ఉన్నానని చెప్పు. పని పడి రాస్తున్నాను. పని పడితే తప్ప రాయనని నువ్వు ఎలాగూ అంటావు. అను, నిజమే కాబట్టి పడతాను.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావేమో. నీ దుకాణానికి ఫోన్ చేస్తే నీ గొంతు కన్నా లెన్సులు అరగదీసే మిషను గొంతే ఎక్కువ వినిపిస్తుంది. పైగా నీకు బొమ్మల ఫొటోలు పంపాలి.

సంగతేమిటంటే, ఏప్రిల్‌లో మా మ్యూజియంలో ఒక ప్రదర్శన పెడుతున్నారు. దేని మీదో తెలుసా? హ్రస్వదృష్టి మీద. దూరం ఆననివాళ్ళని చరిత్రలో ఎలా చెప్పుకున్నారు, బొమ్మల్లో ఎలా గీశారు అని. సమావేశంలో మా పెద్ద మేడం ఈ మాట చెబుతూ నా మొహం వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. పెద్ద మేడం అంటే ఈ మరమ్మతు గదికి పెద్ద. నా ప్రొబేషన్ కాగితం మీద మే నెలలో సంతకం పెట్టాల్సిన మనిషి కూడా ఆవిడే.

నీ వల్ల రెండు పనులు కావాలి. ఒకటి, తాతయ్య వాడిన పరీక్ష లెన్సుల పెట్టె మూడు నెలలు మాకు ఇవ్వాలి. గాజు పెట్టెలో పెట్టి, కింద దుకాణం పేరు రాస్తాం. రెండోది, దీంతో పంపిన ఫొటోలు చూసి, కళ్ళద్దాలవాడిగా నీకు తోచింది రాయాలి. గోడ మీద పన్నెండు బొమ్మలకి చోటుంది. పదకొండు ఖాయమయ్యాయి. పన్నెండోదాని కోసమే నా ఆరాటమంతా.

అది అట్టడుగున పెట్టిన ఫొటో. మూరెడు ఎత్తు చెక్క పలక మీద కొన్ని వందల ఏళ్ళ కిందట వేసిన బొమ్మ. పాతికేళ్ళ ఆడమనిషి కొంచెం పక్కకి తిరిగి మనవైపే చూస్తోంది. ముక్కు మీద గుండ్రటి కళ్ళద్దాలు. నోరు కాస్త తెరుచుకుని, కనుబొమలు పైకెత్తి ఉంది. ఎడమచేతిలో సన్నటి కర్ర, దాని చివర బొమ్మ చట్రంలోకి వెళ్ళిపోయింది. వేసింది ఎవరో, ఆవిడెవరో తెలియదు. ఆ కాలం బొమ్మల్లో కళ్ళద్దాలు పెడితే ముసలి పండితుడికి పెట్టేవారు, లేకపోతే నవ్వులపాలు చెయ్యాలనుకున్నవాడికి పెట్టేవారు. వయసులో ఉన్న ఆడది, పైగా నోరు తెరుచుకుని ఉంది, ఇంకేం కావాలి? నూరేళ్ళ కిందట ఎవరో పెద్దమనిషి ఆ కర్రని పిచ్చివాళ్ళ చేతిలో పెట్టే కర్ర అనుకుని, దీని కింద ‘అవివేకం’ అని చిన్న పలక కొట్టి చేతులు దులుపుకున్నాడు. అప్పట్నుంచి ఆవిడ పేరు అదే.

దీని మీద పచ్చగా గడ్డకట్టిన పాత వార్నిష్‌ని నాలుగు నెలలు దూదితో తుడిచి తీసింది నేనే. నాకు అప్పజెప్పిన మొదటి పెద్ద పని. రోజూ పొద్దున్నే తలుపు తీయగానే ఆవిడ మొహమే చూశాను, అందుకేనేమో నా మనిషిలా అనిపిస్తోంది. కానీ పెద్ద మేడం, ఇది నిజమైన మనిషి బొమ్మ కాదు, వెక్కిరింపు బొమ్మ, హ్రస్వదృష్టితో దీనికి సంబంధం లేదు అంటున్నారు. ప్రదర్శనలో పెట్టకపోతే నేలమాళిగలోకి పంపేస్తారు. అక్కడికి వెళ్ళింది మళ్ళీ పైకి రావడానికి పదేళ్ళు పడుతుంది.

ఆవిడకి నిజంగానే దూరం కనపడేది కాదని చెప్పడానికి ఏదైనా దారి ఉందా మావయ్యా?

నీ మేనకోడలు


కళ్ళద్దాల దుకాణం, వెనక గది
జనవరి 19

ఒసేయ్ సోడాబుడ్డీ,

పెట్టె పంపుతున్నాను. రెండు వందల ముప్పై లెన్సులు, ఒక్కటి తగ్గినా మీ తాతయ్య కల్లోకి వచ్చేది నాకు కాదు, నీకు.

ఫొటోలన్నీ చూశాను. మీ అత్తయ్య కూడా చూసింది. వరసగా చెబుతాను.

ఆకుపచ్చ రాయిలోంచి కత్తియుద్ధాలు చూసేవాడంటున్న ఆ చక్రవర్తికి దూరం కనపడేది కాదని మీవాళ్ళు రాశారు. రాయి మధ్యలో గుంటగా అరిగి ఉంటే సరే, లేకపోతే అది ఎండకి పెట్టుకున్నదే. ఆ సంగతి మొదట పుస్తకంలో రాసినాయన రాయి రంగు చెప్పాడు గానీ వంపు చెప్పలేదు. కళ్ళద్దాలవాణ్ణి ఒక్కణ్ణి అడిగి రాయాల్సింది.

కళ్ళద్దాలు పుట్టడానికి వెయ్యేళ్ళ ముందే పోయిన ఆ మునీశ్వరుడి ముక్కు మీద కళ్ళద్దాలు పెట్టిన చిత్రకారుణ్ణి మాత్రం నేను మెచ్చుకుంటాను. మా వ్యాపారానికి అంత ముందుచూపు ఉన్నవాడు ఇంకొకడు లేడు.

చేత్తో లెన్సు పట్టుకున్న మతపెద్ద బొమ్మ ఉందే, అదీ బొమ్మంటే. లెన్సు మీద పడ్డ వెలుగు చూడగానే చెప్పేశాను, గుంట లెన్సు, దూరం ఆననివాళ్ళకిచ్చే మైనస్ పవరు అని. చిత్రకారుడికి మా పని తెలియకపోయినా కన్ను తెలుసు.

ఇక నీ మనిషి. చెబితే బాధపడతావు, కానీ చెప్పక తప్పదు. పక్కకి తిరిగిన మొహంలో అవతలి చెంప అంచు కళ్ళద్దంలోంచి కనిపిస్తుంది కదా? మైనస్ లెన్సు అయితే ఆ అంచు అక్కడ తెగి, ముక్కువైపు జరిగి కనపడాలి, మెట్టు దిగినట్టు. ప్లస్ లెన్సు అయితే బయటికి ఉబకాలి. ఈ బొమ్మలో పైనుంచి కిందికి సాఫీగా గీసిన ఒకే గీత. అంటే అందులో ఉన్నది కిటికీ గాజు. పవర్ లేని కళ్ళద్దాలు సరదాకి పెట్టుకునేది వేషగాళ్ళే. మీ పెద్ద మేడం అన్నదే రైటులా ఉంది.

ఒక్కటే అంతుపట్టడం లేదు. కళ్ళద్దం వెనక కన్ను, మైనస్ లెన్సులో కనపడినట్టే, ఉండాల్సిన దానికన్నా చిన్నగా వేశాడు. కన్ను చిన్నది చెయ్యాలని తెలిసినవాడు చెంపని ఎందుకు వదిలేశాడు?

మెట్టు దిగడమంటే ఏమిటో అర్థం కాకపోతే కళ్ళద్దాలతో దిగిన నీ ఫొటో తీసి చూసుకో. చెంప ఎలా తెగుతుందో తెలుస్తుంది. అన్నట్టు నీ ఫొటోల్లో కళ్ళద్దాలెక్కడివి?

మీ మావయ్య


మరమ్మతు గది
జనవరి 27

మావయ్యకి,

పెట్టె క్షేమంగా చేరింది. లెక్క సరిపోయింది.

కిటికీ గాజే అయి ఉంటుంది. ఆ బొమ్మ సంగతి వదిలేద్దాం.

ఒక్క మాట. నన్ను ఆ పేరుతో పిలవకు. నువ్వు ముద్దుగానే పిలుస్తావు, తెలుసు. తొమ్మిదో ఏట మొదటి జత పెట్టిన రోజున నువ్వు దుకాణంలో అందరి ముందూ ఆ మాట అన్నావు. అందరూ నవ్వారు. వారం తిరక్కుండా బడంతా అదే పేరు. ఆ నెలలో తరగతి ఫొటో తీస్తే కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాను. కెమెరా ఎక్కడుందో ఆనక, చెట్టు వైపు తిరిగి నవ్వాను. ఆ ఫొటో అమ్మ దగ్గర ఇంకా ఉంది. అప్పట్నుంచి కళ్ళద్దాలతో ఒక్క ఫొటో కూడా దిగలేదు. ఇప్పటికైనా తెలుస్తుందని రాశాను.

నీ మేనకోడలు


కళ్ళద్దాల దుకాణం
ఫిబ్రవరి 4

చిరంజీవి మేనకోడలికి,

నీ ఉత్తరం చదివి మీ అత్తయ్య నాతో ఒక పూట మాట్లాడలేదు. ఇరవై ఏళ్ళుగా నేను ముద్దు అనుకుంటున్నది నీకు ముల్లులా గుచ్చుకుందంటే నా కళ్ళద్దాలే సరిగ్గా లేవన్నమాట. ఆ రోజు నేను అన్నది నాకు గుర్తుంది. మా ఇంట్లో తాతయ్యకి, నాకు, మీ అమ్మకి ఎవరికీ రాని పవరు నీకు వచ్చింది. ఇంత మందపాటి లెన్సు నా చేత్తో ఎప్పుడూ అరగదీయలేదు. మూడు రోజులు పట్టింది. నువ్వు పెట్టుకుని వీధి చివర బోర్డు మీద అక్షరాలు చదివావు. నా గుండె పొంగింది. ఆ పొంగులో నోరు జారాను. తప్పు నాది. ఇక ఆ పేరు ఎత్తను.

ఇప్పుడు బొమ్మ సంగతి. వదిలేద్దాం అన్నావు గానీ నాకు ఆ చిన్నకన్ను నిద్రలో కూడా వదల్లేదు. పక్క దుకాణం దర్జీని తెచ్చి కూర్చోబెట్టాను. ఫొటోలో ఆవిడ తిరిగినంతే పక్కకి తిప్పి, పరీక్ష చట్రం ముక్కుకి తగిలించి, మైనస్ ఒకటి నుంచి ఒక్కో లెన్సూ వేస్తూ స్కేలుతో కొలిచాను. రెండు టీలు తాగాడు, మూడో టీకి మెడ పట్టేసిందన్నాడు. బయట ఇద్దరు గిరాకీలు చూసి, ఇక్కడ దర్జీకి కొలతలు తీస్తారా అని అడిగి వెళ్ళారు.

మైనస్ ఐదు దగ్గర దర్జీ కన్ను సరిగ్గా నీ మనిషి కన్నంత చిన్నదయింది. అదే లెన్సులో అతని చెంప అంచు గోరు వెడల్పున లోపలికి జరిగింది. కాబట్టి వేసినవాడు వేషం కట్టించలేదమ్మా. కన్ను చూసి వేశాడు. చెంపనీ చూసే వేసి ఉంటాడు. తరవాత ఎవడో మరమ్మతు పేరుతో ఆ మెట్టుని తప్పనుకుని సాఫీ చేశాడు. ఎవడో గానీ వాడంత తెలివితక్కువ దద్దమ్మ మరొకడు ఉండడు. వాడికి బ్రష్షు బదులు చీపురు ఇవ్వాల్సింది. ఎదురుగా ఉన్న నిజాన్ని చక్కదిద్దుతాడా?

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్ళు మీ గదిలో ఎవరైనా ఉన్నారేమో కనుక్కో. ఎందుకంటే ఎనిమిది పేజీలు రాసే పిల్ల ఈసారి అరపేజీ రాసింది, అందులో బొమ్మ గురించి ఒక్క వరసే ఉంది.

మీ మావయ్య


మరమ్మతు గది
ఫిబ్రవరి 12

మావయ్యా,

ఆ దద్దమ్మని నేనే.

రాసేశాను. ఇక వరసగా చెబుతాను, మధ్యలో తిట్టకు, ఇప్పటికే సరిపడా తిట్టావు.

నవంబరులో ఒక మధ్యాహ్నం అవతలి కళ్ళద్దం మీద వార్నిష్ తీస్తున్నాను. దగ్గర పనికి నాకు కళ్ళద్దాలు అక్కర్లేదని నీకు తెలుసుగా. తీసి పక్కన పెట్టుకుని, ముక్కు బొమ్మకి ఆనించినంత దగ్గరగా కూర్చుంటాను. ఈ గదిలో నా అంత సన్నంగా చూడగలిగినవాళ్ళు లేరని నాకు కొంచెం పొగరు కూడా ఉంది. పచ్చటి పొర పోయేసరికి చెంప గీత తెగి, లోపలికి జరిగి, మళ్ళీ కళ్ళద్దం కింద బయటికి వచ్చి కనిపించింది. పాతకాలం మరమ్మతువాడు ఎవడో గీత తప్పాడనుకున్నాను. పాత రంగు మీద వెంట్రుకల్లాంటి పగుళ్ళుంటాయి. అవి ఆ మెట్టు మీదుగా తెగకుండా వెళుతున్నాయి. అంటే ఆ మెట్టు మొదటి చెయ్యి వేసిందే. అది కళ్ళతో చూశాను కూడా. చూసి, ఎవరో చేసిన తప్పుని నేను దిద్దుతున్నానన్న ఉత్సాహంలో పట్టించుకోలేదు. గంటలో సాఫీగా కలిపేశాను. బ్రహ్మాండంగా కుదిరింది, అదే నా ఖర్మ.

మా పనిలో ఒక నియమం ఉంది. తుడిచాక, రంగు ముట్టుకోకముందు ఫొటో తీయాలి, రికార్డు పుస్తకంలో రాయాలి. ఇంత చిన్నదానికి ఏం ఫొటో అనుకుని తీయలేదు. రాయనూ లేదు. కాబట్టి ఆ మెట్టు ఉండేదని తెలిసినది ఈ భూమ్మీద నేనొక్కదాన్నే. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, సాక్ష్యం కోసం నీకు ఉత్తరాలు రాశాను. నీ జవాబు చదవగానే విషయం అర్థమై, బొమ్మ సంగతి వదిలేద్దాం అని రాసేశాను.

నేను వేసిన రంగు దూదితో తుడిస్తే పోతుంది. అలా పోయే రంగులే వాడతాం. కానీ ముగిసిన పని మీద చెయ్యి పెట్టాలంటే పెద్ద మేడం అనుమతి కావాలి. అడగాలంటే ఎందుకో చెప్పాలి. చెబితే మే నెలలో ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద ఆవిడ సంతకం పెడతారా? ఫొటో తీయకుండా చెయ్యి పెట్టినవాళ్ళని ఆవిడ ఇదివరకు ఇంటికి పంపించారు. చెప్పకపోతే నాకేమీ కాదు. బొమ్మలో ఆవిడ మాత్రం ‘అవివేకం’ అన్న పేరుతో కిందికి వెళ్ళిపోతుంది. పన్నెండో చోటు ఇరవై ఆరో తారీఖున తేల్చేస్తారు.

నిన్న ఇంట్లో నా ఫొటోలన్నీ తిరగేశాను. కళ్ళద్దాలతో ఒక్కటంటే ఒక్కటి ఉండి ఉంటే, మైనస్ లెన్సులో చెంప ఎలా తెగుతుందో నాకు తెలిసి ఉండేది. ఈ తప్పు చెయ్యగలిగిన మనిషిని వెతికి మరీ నాకు అప్పజెప్పారు ఆ బొమ్మని.

ఏం చెయ్యమంటావు?


కళ్ళద్దాల దుకాణం, వెనక గది
ఫిబ్రవరి 17

అమ్మడూ,

తిట్టను. అరపేజీ ఉత్తరం చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. అయినా అన్ని తిట్లు రాశానంటే, అది కాస్త నా బుద్ధి, కాస్త నీ చేత చెప్పించడానికి.

ఏం చెయ్యాలో నేను చెప్పను. ఒక కథ చెబుతాను. ఇది మీ అమ్మకి కూడా తెలియదు.

నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు ఒక లెక్కల టీచరు కళ్ళద్దాలు చేయించుకుంది. కుడి లెన్సు ఎడమకీ, ఎడమది కుడికీ బిగించి ఇచ్చాను. ఇరవై రోజుల తరవాత చీటీలు సర్దుతుంటే తెలిసింది. మీ తాతయ్యకి చెబితే, ఆవిడే తెస్తుంది, చట్రం వంగిందని చెప్పి మార్చేద్దాం, దుకాణం పరువు తియ్యకు అన్నారు. నాకు మనసొప్పలేదు. వాళ్ళింటికి వెళ్ళి చెప్పేశాను. వాళ్ళ నాన్న వీధిలోకి వినపడేలా కేకలేశాడు. ఆవిడ మాత్రం కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తరవాత అంది: “ఇరవై రోజులుగా మెట్లు తప్పుతున్నాను, నల్లబల్ల మీద అంకెలు వంకరగా రాస్తున్నాను. నా బుర్రే చెడిపోయిందని భయపడ్డాను. తప్పు నాది కాదని చెప్పడానికి ఇంత దూరం వచ్చారా?”

ఆవిడే మీ అత్తయ్య. పెద్దలు కుదిర్చిన సంబంధమని అందరికీ చెప్పాం. కుదిర్చింది తారుమారైన రెండు లెన్సులు.

అందరి తప్పులకీ పెళ్ళిళ్ళు అవుతాయని చెప్పడం లేదు. నీకు ఉద్యోగం పోనూవచ్చు. పోతే నా వెనక గదిలో బల్ల ఖాళీగా ఉంది. అయినా నూరేళ్ళుగా ఒక ఆడమనిషి తనది కాని తెలివితక్కువతనం మోస్తోంది. అది ఆవిడది కాదని తెలిసిన మనిషివి నువ్వొక్కదానివే.

ఇంకో మాట. మొన్న మీ అత్తయ్య ఆ ఫొటో దుకాణంలో నిలువుటద్దం పక్కన ఆనించింది. కొత్త కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకావిడ లేచి అందులో చూసుకుంది. నోరు కాస్త తెరుచుకుంది, కనుబొమలు పైకి లేచాయి. పక్కనే నీ మనిషి, అచ్చం అదే మొహం. ముప్పై ఏళ్ళుగా రోజూ చూస్తున్న మొహమే, ఎలా పోల్చుకోలేకపోయానో. దీపం కింద చీకటి అంటే ఇదే. అది అవివేకం కాదు అమ్మడూ. తన మొహాన్ని మొదటిసారి స్పష్టంగా చూసుకున్న మనిషి మొహం.

మైనస్ ఐదంటే జానెడు దాటాక అంతా మసక. నిలువుటద్దంలో మన మొహం, మనం ఎంత దూరంలో నిలబడితే దానికి రెట్టింపు దూరంలో ఉన్నట్టు లెక్క. కళ్ళద్దాలు లేకుండా ఆవిడకి తన కళ్ళు ఆనవు. చేతిలో ఉన్నది పిచ్చిదాని కర్రేనా? మీ బొమ్మలవాళ్ళు చూసుకోండి. నాకు మాత్రం ఆవిడ తన బొమ్మ తనే వేసుకుంటున్నట్టుంది. వేసేటప్పుడు కళ్ళద్దాలు వదిలేసి అందంగా వేసుకోవచ్చు. అడిగేవాడెవడు? వదల్లేదు. చెంప తెగితే తెగినట్టే వేసుకుంది.

మీ మావయ్య


మరమ్మతు గది
ఏప్రిల్ 9

మావయ్యా, అత్తయ్యా, ఇద్దరికీ,

చెప్పేశానని నేను పంపిన కార్డు ముక్క మీకు చేరే ఉంటుంది. ఇన్నాళ్ళూ ఊపిరి తీసుకోవడానికి తీరిక లేదు. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ఫిబ్రవరి ఇరవై రెండున పెద్ద మేడం గదిలోకి వెళ్ళి, కూర్చోకుండానే మొత్తం చెప్పాను. నీ దర్జీ కొలతల కాగితం కూడా బల్ల మీద పెట్టాను. ఆవిడ పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు. చివరికి అడిగారు:

“నువ్వు వేసిన రంగు తుడవడానికి ఎంతసేపు పడుతుంది?”

“గంటన్నర పడుతుందండీ.”

“అయితే టీ తాగి మొదలుపెడదాం. కెమెరా పట్టుకురా. ఈసారి ముందు ఫొటో.”

గదిలో అందరూ చుట్టూ నిలబడ్డారు. నా పుల్లకి దూది చుట్టుకుని మొదలుపెట్టాను. కాసేపటికి నేను దిద్దిన గీత దూదిలోకి వచ్చేసింది. కింద నుంచి మెట్టు బయటపడింది. చెంప అంచు గోరు వెడల్పున తెగి ముక్కువైపు జరిగి ఉంది. నీ దర్జీ లెక్క తప్పలేదు. పెద్ద మేడం భూతద్దం పెట్టి పగుళ్ళు చూశారు. అవి అటు నుంచి ఇటు తెగకుండా నడిచాయి. మొదటి చెయ్యే అన్నారు. నాకు ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాను.

బొమ్మ చట్రం కూడా విప్పించారు. కర్ర చివర దాని అంచు కింద నొక్కుకుపోయి ఉంది. అక్కడ నాలుగు వెంట్రుకలు వేసి ఉన్నాయి. అది బ్రష్షు మావయ్యా! కుడిచేత్తో పట్టుకున్న బ్రష్షు నిలువుటద్దంలో ఎడమచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది, ఆవిడ చూసింది చూసినట్టే వేసింది. నూరేళ్ళుగా ఎవరూ ఆ చట్రం విప్పి చూడలేదు.

శిక్ష పడింది. నా ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగించారు, ఫైల్లో ఒక చివాట్ల కాగితం పెట్టారు. ఉద్యోగం మాత్రం పోలేదు. తానుగా వచ్చి చెప్పింది అని ఆ కాగితంలోనే కింద ఒక వరస రాశారు. ఆ వరస కోసం కాగితం మొత్తం దాచుకున్నాను. ఇంకో శిక్ష కూడా ఉంది. నేను సాఫీ చేసినప్పటి ఫొటో, తుడిచాక తీసిన ఫొటో పక్కపక్కన చట్రం కట్టి బొమ్మ దగ్గరే వేలాడదీశారు, ‘మరమ్మతులో జరిగిన ఒక పొరపాటు’ అని. వచ్చినవాళ్ళు అసలు బొమ్మల కన్నా అక్కడే ఎక్కువసేపు నిలబడుతున్నారు. నా తప్పుకి అంత గిరాకీ.

ఇంక అసలు సంగతి. ఆవిడకి పన్నెండో చోటు ఇవ్వలేదు. గుమ్మంలోకి రాగానే కనపడే మొదటి చోటు ఇచ్చారు. ‘అవివేకం’ పలక తీసేసే పని నాకే అప్పజెప్పారు. రెండు మేకులే, లాగితే ఊడి వచ్చేశాయి. కొత్త పలక మీద ‘కళ్ళద్దాలు పెట్టుకున్న చిత్రకారిణి, తానే వేసుకున్న బొమ్మ కావచ్చు’ అని రాశారు. ఆ ‘కావచ్చు’ తీసేయమని బతిమాలాను. మ్యూజియంలో కావచ్చు అనేదే పెద్ద మాట అన్నారు పెద్ద మేడం.

మొదటి రోజు సాయంత్రం సిబ్బందినంతా ఆ బొమ్మ పక్కన నిలబెట్టి ఫొటో తీశారు. ఫొటోగ్రాఫరు నన్ను చూసి, “మేడం, కళ్ళద్దాలు మెరుస్తున్నాయి, ఒక్క నిమిషం తీస్తారా?” అన్నాడు. చెయ్యి అలవాటుగా కళ్ళద్దాల కమ్మీ దాకా వెళ్ళింది. పక్కన బొమ్మలో ఆవిడ ఉంది, కళ్ళద్దాలతోనే.

“తీయను. మీరే లైటు పక్కకి జరపండి,” అన్నాను.

జరిపాడు. ఆ ఫొటో దీంతో పంపుతున్నాను. ఎడమవైపు నుంచి రెండోదాన్ని. కెమెరా వైపే చూస్తున్నాను, కావాలంటే చూసుకో. నా చెంప కూడా తెగింది, ఆవిడది తెగిన చోటే.

ఇట్లు,
సోడాబుడ్డి


కళ్ళద్దాల దుకాణం
ఏప్రిల్ 16

ఒసేయ్ సోడాబుడ్డీ,

నువ్వే సంతకం పెట్టావు కాబట్టి పిలుస్తున్నాను. వద్దంటే మానేస్తాను, కాగితం నా దగ్గరుంది.

ఫొటో అందిన గంటలో స్కేలు పెట్టి కొలిచాను. దర్జీ మళ్ళీ కూర్చున్నాడు, ఈసారి టీతోపాటు బిస్కెట్లు అడిగాడు. నీ ఎడమకన్ను అర పాయింటు పెరిగి ఉండవచ్చు. ‘ఉండవచ్చు’ అనడం మీ పెద్ద మేడం దగ్గర నేర్చుకున్నాను. ఫొటో చూసి పవరు చెప్పడం మా పనిలో తప్పు. ప్రదర్శన అయ్యాక తాతయ్య పెట్టె నువ్వే పట్టుకొచ్చి కుర్చీలో కూర్చో.

ఫొటోని నిలువుటద్దం పక్కన నీ చిత్రకారిణి పైన తగిలించాం. వచ్చినవాళ్ళకి మీ అత్తయ్యే చూపించి చెబుతోంది, ఈ పిల్ల మా ఇంటి పిల్ల, తప్పుకి చట్రం కట్టించిన పిల్ల అని.

మీ అత్తయ్యతో నాకు ఒక గొడవ కూడా అయింది. ఈ పిల్లకి ఇంత పెద్ద కళ్ళని నాకు ఇన్నాళ్ళూ తెలియలేదే అంది. మైనస్ లెన్సులో కన్ను చిన్నగా కనపడుతుంది, పెద్దగా కాదు, ముప్పై ఏళ్ళు కళ్ళద్దాలవాడితో కాపరం చేసి ఇది కూడా తెలియదా అన్నాను. అది లోపలికి వెళ్ళి, నీ చిన్నప్పట్నుంచీ ఉన్న ఫొటోలన్నీ తెచ్చి బల్ల మీద వరసగా పరిచింది. ఒక్కొక్కటీ చూశాను. కళ్ళద్దాలు లేని ప్రతి ఫొటోలోనూ ఎదురుగా ఏముందో ఆనక కళ్ళు చికిలించి ఉన్నావు. కళ్ళు తెరిచి చూసింది ఇందులోనే.

మీ అత్తయ్య చెప్పిందే రైటు.

మీ మావయ్య